దిక్కెఱిగిన బంతి

2018 జులై 1వ తేదీన మాస్కో నగరమందలి లుజ్నికీ క్రీడాప్రాంగణమున ఆతిథేయ రష్యాతో ప్రపంచకప్ పోటీలో తలపడిన స్పెయిన్ జట్టు, అదనపు సమయముతో కలిసి 120 నిమిషములు సాగిన ఆటలో వెయ్యికి పైగా పాసులు పూర్తిచేసి, సుమారు నాలుగింట మూడువంతుల కాలము బంతిని తన పాదముల చెంతనే నిలుపుకొని, కట్టకడపట పెనాల్టీలలో 4-3 తేడాతో ఓడి ఇంటిముఖము పట్టెను. ఆనాడు స్పెయిన్ ఖాతాలో చేరిన ఒకే ఒక గోలైనను వారు కొట్టినది కాదు. రష్యా డిఫెండర్ ఇగ్నాషెవిచ్ కాలికి తగిలి సొంత వలలోనికే పోయిన బంతి అది. నాలుగేండ్ల పిమ్మట, 2022 డిసెంబర్ 6న, ఖతార్‌లో మొరాకో జట్టుతో ఆడినప్పుడు కథ ఇంకను శోచనీయముగా పునరావృతమయ్యెను: దాదాపు వేయి పాసులు, ఆటలో సున్న గోల్సు, పిదప పెనాల్టీలలో ఒక్కటియైనను వలను చేరని పరాజయము.

ఈ రెండు ఆటలను చూచి, బంతిని స్వాధీనమున నుంచుకొని ఆడుటయే వ్యర్థమని తీర్పు చెప్పినవారు లేకపోలేదు. కాని అదే స్పెయిన్ 2008లో యూరో కప్పును, 2010లో ప్రపంచకప్పును, 2012లో మఱల యూరో కప్పును గెలుచుకొన్నది ఆ పద్ధతి చేతనే. పెప్ గ్వార్డియోలా శిక్షణలో బార్సిలోనా క్లబ్బు 2009లోను 2011లోను ఐరోపా ఛాంపియన్‌గా నిలిచినదియు ఆ పద్ధతి చేతనే. పాసు కొఱకే పాసు చేయుట తనకు ఏవగింపని ఆ గ్వార్డియోలాయే స్పష్టముగా చెప్పియున్నాడు. బంతి మనయొద్ద నుండుట సాధనము, ప్రత్యర్థి గోలును చేరుట సాధ్యము. సాధనమే సాధ్యమై కూర్చున్నచో ఆ జట్టు తూము తెఱవని చెఱువు వంటి దగును, నీరు నిండుగనే యుండును గాని చేను ఎండుచునే యుండును. ఈ దోషము పోటీనాడు హఠాత్తుగా పుట్టునది కాదు. వారముల తరబడి, నెలల తరబడి, అభ్యాసపు గ్రౌండులో ఎవరును గమనింపకుండ నేర్పబడునది. కనుక చికిత్సయు అచటనే జరుగవలెను.

ముందుకు ఆడుట యనగా బంతిని బలముకొలది ముందుకు తన్నుట కాదని మొదటనే చెప్పవలెను. ఆకాశమున కెగసిన బంతి దిగివచ్చునప్పటికి అది ఎవరిదగునో దైవమెఱుగును. సామాన్యముగా ప్రత్యర్థులు మూడు వరుసలుగా నిలుచుందురు: మొదట ఫార్వర్డులు, వారి వెనుక మిడ్‌ఫీల్డర్లు, అటుపిమ్మట డిఫెండర్లు. నేలబారుగా పోయిన ఒక పాసు ఒక వరుసను చీల్చుకొని, దాని వెనుక నిలిచిన మన ఆటగానికి చేరినచో, ఆ వరుసలోని ముగ్గురో నలుగురో కొన్ని క్షణములపాటు ఆటలో లేనట్లే. వారు వెనుదిరిగి పరుగెత్తుకొని వచ్చు లోపల మనవారు సంఖ్యాబలముతో మిగిలినవారిపై బడవచ్చును. అదే వరుసకు ముందఱ, ఈ ప్రక్క నుండి ఆ ప్రక్కకు, ఆ ప్రక్క నుండి ఈ ప్రక్కకు నూరు పాసులు చేసినను ప్రత్యర్థులలో ఒక్కడును ఆటనుండి తొలగడు. పైగా వారికి కావలసిన విశ్రాంతి చిక్కును. లుజ్నికీలో జరిగినది సరిగా ఇదియే.

అట్లని వెనుకకు ఇచ్చు ప్రతి పాసును పాపముగా నెంచుటయు తగదు. వెనుకకు పోయిన బంతిని తఱుముచు ప్రత్యర్థులు తమ స్థానములు విడిచి ముందుకు వత్తురు. వారు విడిచివచ్చిన చోటనే మనకు దారి ఏర్పడును. 2019లో నియమములు మారి, గోల్‌కిక్‌ను పెనాల్టీ ఏరియా లోపలనే సహచరుడు అందుకొనుటకు అనుమతి లభించినప్పటి నుండి, పెద్ద జట్లు తమ గోలుముందఱనే చిన్న చిన్న పాసులాడి ప్రత్యర్థులను ఆకర్షించుట మఱింత హెచ్చినది. వెనుకకు ఇచ్చునప్పుడు ముందున్న దారి కొఱకు ఇచ్చుచున్నాడా, భయముచేత ఇచ్చుచున్నాడా యన్నదే పరీక్ష. ఈ రెండింటికిని గల భేదము పాసులో కనబడదు, ఇచ్చువాని కన్నులలో కనబడును.

పెద్ద క్లబ్బుల అభ్యాసము చూడబోయినవారికి మొట్టమొదట కంటబడునది రోండో యను ఆట. ఎనిమిది పది మీటర్ల చదరము గీచి, నాలుగు ప్రక్కల నలుగురు నిలుతురు; లోపల ఇద్దరుందురు. చుట్టునున్న నలుగురును ఒకటి రెండు స్పర్శలలోనే బంతిని ఒకరికొకరు అందించుకొనుచుండగా, నడుమనున్న ఇద్దరు దానిని లాగుకొన యత్నింతురు. ఎవని తప్పిదముచేత బంతి పోవునో వాడు నడుమకు పోవలెను, లాగుకొన్నవాడు వెలుపలికి రావలెను. 1970ల ఆరంభమున బార్సిలోనా బాలుర జట్లకు శిక్షణ నిచ్చుటకు వచ్చిన లారియానో రూయిస్ దీనిని అచట పాదుకొల్పెననియు, 1988 నుండి 1996 వఱకు ప్రధాన శిక్షకుడుగా నున్న యోహాన్ క్రైఫ్ దీనిని నిత్యవిధిగా చేసెననియు ప్రసిద్ధి. క్రైఫ్ జట్టు 1992లో లండన్ వెంబ్లీ మైదానమున ఆ క్లబ్బునకు తొలి ఐరోపా కప్పును తెచ్చిపెట్టెను. 1979లో వసతిగృహముగా తెఱవబడిన లా మాసియా యను పురాతన వ్యవసాయగృహపు నీడలో పెరిగిన షావి, ఇనియెస్తా, మెస్సీ ప్రభృతులు ఈ చదరముననే బాల్యము గడపిరని చెప్పిన అతిశయోక్తి కాదు. ఇఱుకైన చోట బంతిని అదుపుచేయుట, రెండు పాదములను ఉపయోగించుట, పాసు రాకముందే తరువాతి పాసును నిశ్చయించుకొనుట, ఇన్నియు ఒక్క చిన్న చదరములో లభించుచున్నవి. గోలుకు కొట్టుట యొక్కటి తప్ప ఆటలోని సర్వమును రోండోలోనే యున్నదని క్రైఫ్ అభిప్రాయము.

అంతటివాని మాటకు అడ్డు చెప్పుట సాహసమే. ఐనను ఆ చదరమునకు లేనిది మఱొకటి యున్నదని నా తలంపు. అది దిక్కు. చదరమునకు ముందు లేదు, వెనుక లేదు. నాలుగు ప్రక్కలును సమానమే. ఎడమకిచ్చినను కుడికిచ్చినను ఫలమొక్కటే యైనప్పుడు బాలుడు సహజముగా సులభమైనదానినే వరించును. అంతకంటె లోతైన చిక్కు శిక్షలో నున్నది. తప్పినవాడు నడుమకు పోవలెనను నియమము చూచుటకు వినోదముగనే యుండును గాని, దినదినమును పదునైదు నిమిషములపాటు అది పిల్లవాని మనస్సునకు బోధించున దేమి? సాహసించి ఇద్దరి నడుమనుండి పంపబోయి తప్పినవానికి శిక్ష. ప్రక్కవానికి మెల్లగా నెట్టి చేతులు దులుపుకొన్నవానికి శిక్ష లేదు. ఒక అభ్యాసము దేనిని దండించునో జట్టు దానిని మానుకొనును, దేనిని బహూకరించునో దానిని అలవరచుకొనును. శిక్షకుడు గట్టుమీద నిలిచి ముందుకు, ముందుకు అని గొంతు చించుకొన్నను లాభము లేదు. ఆట నియమము వెనుకకు అని చెప్పుచున్నంతవఱకు పిల్లలు నియమమునే విందురు.

కాబట్టి మొదటి సవరణ రోండోలోనే చేయవచ్చును, దానికి ఖర్చు ఏమియు లేదు. నడుమనున్న ఇద్దరి మధ్యనుండి, వారిని చీల్చుకొని అవతలి ప్రక్కకు చేరిన పాసు ఇచ్చినవానికి ఒక తప్పు మాఫీ యని ప్రకటింపవలెను. ఆ ఒక్క మాటతో ఆట రూపము మారిపోవుట చూడవచ్చును: అంతవఱకు ప్రక్క ప్రక్కలకే తిరిగిన బంతి ఇప్పుడు ఆ ఇద్దరిని విడదీయుటకై తిరుగును, ప్రక్కపాసు అనునది తనంతట తానొక గమ్యము గాక, వారిని ఒక మూలకు లాగి వారి మధ్య సందు తెఱచు ఉపాయమగును.

దీనికి పై మెట్టు మూడు పట్టీల ఆట. నా దృష్టిలో అన్ని అభ్యాసములలోను ఇదియే తలమానికము గనుక కొంచెము విస్తరించి చెప్పెదను. సుమారు 30 మీటర్ల పొడవు, 15 మొదలు 20 మీటర్ల వెడల్పు గల చోటును అడ్డముగా మూడు పట్టీలుగా విభజింపవలెను. ఒక్కొక్క పట్టీలో నలుగురేసి, మూడు రంగుల చొక్కాలవారు. చివరి పట్టీలలోని రెండు జట్లును ఒక పక్షము, నడుమజట్టు వారికి విరోధి. బంతి ఒక చివరనుండి మధ్యజట్టును దాటి రెండవ చివరకు నేలబారుగా చేరవలెను. నడుమజట్టునుండి ఇద్దరు మాత్రము బంతియున్న పట్టీలోనికి చొరబడి దానిని లాగుకొనవచ్చును. మిగిలిన ఇద్దరు నడుమనే నిలిచి, దాటిపోవు పాసులకు అడ్డుపడుదురు. బంతిని పోగొట్టుకొన్న జట్టు నడుమకు పోవును, లాగుకొన్న జట్టు చివరకు వచ్చును.

ఇందులో జరుగు వ్యాపారమును కొంత సావధానముగా పరిశీలించినచో ఆట సారమంతయు అందు గోచరించును. బంతి కుడిప్రక్క నున్నప్పుడు నడుమనిలిచిన ఇద్దరును కుడికి జరుగుదురు. అంతట ఎడమప్రక్క దారి తెఱచుకొనును. కాని కుడినున్నవాడు బంతిని ఎడమకు చేర్చులోపల వారు మఱల సర్దుకొందురు. అందుచేత పాసు వేగముగా పోవలెను, అందుకొన్నవాడు మొదటి స్పర్శతోనే దానిని ముందువైపునకు మఱల్చుకొనవలెను, అవతలి చివరనున్నవారు ఊఱక నిలుచుండక, అడ్డుపడువాని చాటునుండి ప్రక్కకు తప్పుకొని తమ్ము తాము చూపుకొనవలెను. పాసు ఇచ్చువాడు ఎంత నేర్పరియైనను, అవతల అందుకొనువాడు చాటుననే నిలిచియుండినచో ఆ నేర్పు నిష్ప్రయోజనము. పిల్లలకు ఈ సత్యము ఉపన్యాసమువలన తెలియదు, ఈ ఆటలో పది నిమిషములలో తెలియును.

కొందఱు శిక్షకులు ఇందులో ఐదు పాసులు పూర్తిచేసిన పిదపనే అవతలికి పంపవలెనను షరతు పెట్టుదురు. ఓర్పు నేర్పుటకని వారి ఉద్దేశము. నాకది రుచింపదు. రెండవ పాసుకే దారి తెఱచుకొన్నప్పుడు, ఇంకను మూడు మిగిలియున్నవని లెక్కపెట్టుచు ఆ దారిని మూయనిచ్చు బాలుడు ఓర్పును నేర్చుకొనుట లేదు, గ్రుడ్డితనమును నేర్చుకొనుచున్నాడు. దారియున్నచో మొదటి పాసుకే పంపవచ్చును, లేనిచో ఇరువదవ పాసు వఱకు ఆగవచ్చును. నిర్ణయము వానిదే కావలెను.

ఆ తరువాత నిజమైన ఆటకు మఱింత సన్నిహితమైనది రెండు కొసల ఆట. 40 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల చోట నలుగురు నలుగురితో ఆడుదురు; రెండు కొసలను ఒక్కొక్క తటస్థుడు నిలుచును; లోపల మఱొక తటస్థుడు, బంతి ఎవరియొద్ద నున్న వారి పక్షమున ఆడును. ఒక కొసనుండి రెండవ కొసకు, బంతిని పోగొట్టుకొనకుండ చేర్చిన జట్టునకు ఒక అంకము. చేర్చిన వెంటనే దిక్కు మాఱును. అదే జట్టు ఇప్పుడు వచ్చిన దారినే మఱల మొదటి కొసకు పోవలెను. తటస్థులతో కలిపి చూచినచో బంతిగల పక్షమునకు ఏడుగురు, లేనివారికి నలుగురే. ఈ ఆధిక్యమే స్వాధీనమును సుసాధ్యము చేయును. జట్టు కుదురుకొన్న కొలది తటస్థులను తగ్గించుకొనుచు పోవలెను.

వరుసను దాటుటకు నేరుదారి ఎల్లప్పుడును ఉండదు. మన మిడ్‌ఫీల్డరు ఎదుట ప్రత్యర్థి నిలిచియున్నప్పుడు వెనుకనున్న మన డిఫెండరు అతనికి బంతి నీయజాలడు. అట్టియెడ బంతిని ఇంకను ముందున్న ఫార్వర్డునకు బలముగా ఇచ్చి, గోలువైపునకు వీపు పెట్టియున్న ఆ ఫార్వర్డు దానిని ఒకే స్పర్శతో వెనుకకు, అదే మిడ్‌ఫీల్డరునకు వదలినచో, అతడు ప్రత్యర్థి చాటునుండి తప్పుకొని గోలువైపు ముఖము పెట్టి బంతినందుకొనును. ముందుకు చూచుచు అందుకొనుటకును వెనుదిరిగి అందుకొనుటకును గల వ్యత్యాసమే అనేక సందర్భములలో గోలునకును నిష్ఫలయత్నమునకును గల వ్యత్యాసము. దీనినే శిక్షకులు థర్డ్ మ్యాన్ అందురు. దీనిని మొదట ప్రత్యర్థులు లేకుండ నలుగురితో వల్లెవేయించి, పిదప రెండు కొసల ఆటలో ఇట్లు చేర్చిన అంకమునకు రెట్టింపు విలువ యిచ్చినచో, పిల్లలు దానిని తామే వెదకికొందురు. ఊఱక వల్లెవేయించి విడిచినచో మాత్రము ఎక్కములు చదివి లెక్క చేయలేని విద్యార్థులే తయారగుదురు.

పాదములకంటె ముందు కన్నులకు శిక్షణ కావలెను. నార్వే దేశపు పరిశోధకుడు గేయిర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాండ్రను కెమెరాలతో పరిశీలించి, బంతి తమను చేరకముందు తల త్రిప్పి వెనుకను ప్రక్కలను ఎక్కువ పర్యాయములు చూచువారే ముందుకు ఎక్కువ సఫలమైన పాసులు ఇచ్చుచున్నారని తేల్చెను. ఈ అలవాటునకు ఫ్రాంక్ లాంపార్డును, షావిని ఆదర్శముగా చూపుదురు. చూచినవాడు శరీరమును సగము త్రిప్పి నిలిచి, బంతిని దూరపు పాదముతో అందుకొని, ఆ అందుకొనుటలోనే ముందుకు తిరిగిపోవును. చూడనివాడు ఎదురుగా నిలిచి అందుకొని, వచ్చినచోటికే దానిని త్రిప్పిపంపును. పిల్లవాని వెనుక నిలిచి ఎఱ్ఱగుడ్డయో పచ్చగుడ్డయో పైకెత్తి, బంతి చేరులోపల రంగు చెప్పుమనుట వాడుకలో నున్న ఒక ఉపాయము. ఒకటి రెండు దినములకు అది చాలును. గుడ్డను చూచుటకంటె మీదికి వచ్చు మనిషిని చూచుట నేర్పవలసియున్నది గనుక, ఆపై నిజమైన ప్రత్యర్థినే వెనుక నిలుపుట మేలు.

ముందుకిచ్చు పాసులు కొన్ని పోక తప్పదు. పోయిన బంతికై విలపింపక, పోయినచోటనే దగ్గఱివారు ముగ్గురు నలుగురు వెంటనే మీదబడి దానిని తిరిగి రాబట్టుట గ్వార్డియోలా బార్సిలోనా రహస్యములలో నొకటి. ఐదు సెకనుల లోపల రాబట్టవలెనని, రానిచో వెనుకకు పోయి కుదురుకొనవలెనని వారి లెక్క. పైని చెప్పిన ఆటలన్నింటను ఈ ఐదు సెకనుల అవకాశము నీయవలెను. అప్పుడు సాహసించి పోగొట్టినవాడు దోషిగా నిలువబడడు, మొదట పరుగెత్తువాడగును.

నియమమే గురువగు ఈ పద్ధతి మనకు పరాయిది కాదు. హైదరాబాదున ఉపాధ్యాయుడుగా జీవితమారంభించి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకును భారత జట్టుకును శిక్షణనిచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం, డ్రిబ్లింగు చేయుట నిషేధించిన పోటీలను ఏర్పాటుచేసెను. బలహీనమైన పాదముతో మాత్రమే ఆడవలసిన పోటీలను గూడ నడపెను. బంతిని కాళ్లమధ్య త్రిప్పుచు ప్రేక్షకుల చప్పట్లకు మురిసిపోవు ఆటగాండ్రు ఘనులుగా చెలామణి యగు ఆ కాలమున, డ్రిబ్లింగు వలదను ఒక్క నియమముతో ఆయన వారు త్వరగా చూచునట్లు చేసెను, వారిచేత త్వరగా పాసు చేయించెను, పాసు చేసినవానిని ఖాళీ చోటునకు పరుగెత్తించెను. ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వఱకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పు గెలిచెను. ఆయన నేతృత్వమున భారతదేశము 1951లో ఢిల్లీలోను 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణము గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమున నిలిచెను. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జకార్తా జట్టులోనివాడే. రహీం 1963లో కన్నుమూసెను. ఆయన పేరు సినిమావలన ఈ తరమునకు మఱల తెలిసినదే గాని, ఆయన పోటీల నియమములు మన పాఠశాలల గ్రౌండులలో ఎక్కడను అమలుకాకుండుట విచారకరము.

మన గ్రౌండుల పరిస్థితి వేఱు. గడ్డి యుండదు, గులకయుండును; బంతి నేలబారుగా పోవలసినది ఎగిరి మోకాలికి తగులును. అందుచేత బార్సిలోనావారి ఎనిమిది మీటర్ల చదరమును యథాతథముగా దిగుమతి చేసుకొనరాదు. పండ్రెండు మీటర్లు గీయవలెను, ఒక స్పర్శ యని పట్టుబట్టక రెండు మూడు అనుమతింపవలెను. పదేండ్లలోపు పిల్లలైనచో నలుగురికి ఇద్దరు గాక, ముగ్గురికి ఒక్కడే విరోధిగా నుండుట న్యాయము. గీతలకు సున్నము చాలును, చొక్కాలకు బదులు భుజమునకు కట్టుకొను గుడ్డపేలికలు చాలును. పది పండ్రెండు నిమిషములు గట్టిగా ఆడించి రెండు నిమిషములు ఆపవలెను, ఆ విరామమున ఎవడు దారి చూచెనో, ఎవడు చూచియు ఈయలేకపోయెనో వారినే అడుగవలెను. ఒకటి రెండు బంతులే యున్న పాఠశాలలో సైతము మూడు పట్టీల ఆట పండ్రెండుగురికి ఒకే బంతితో పని కల్పించును. వరుసకట్టి నిలిచి, తన వంతు వచ్చినప్పుడు ఒక్కసారి తన్ని మఱల వరుస చివరకు పోవు పాత కవాతుకంటె ఇది ఎన్నియో రెట్లు మేలు.

వ్యాయామోపాధ్యాయులకు నా విన్నపమొక్కటే: రేపటి సాయంకాలము ఈ ఆటలలో ఏదేని యొకటి ఆడించి, ముందుకు పంపబోయి బంతి పోగొట్టిన పిల్లవానిని ఒక్క వారముపాటు కేకలు వేయకుండ చూడుడు.